ఇత్తడి చెంబులో తెల్ల లిల్లీలు

మా చిన్నప్పుడు ఈస్టర్ ముందు శనివారం వచ్చిందంటే అమ్మ నన్ను అమీర్‌పేట నుంచి పంజాగుట్ట పూల కొట్టు దాకా నడిపించేది... చర్చిలో బల్ల మీద పూలు పెట్టే పని అమ్మది. తెల్ల లిల్లీలే కావాలనేది. దండల్లో గుచ్చే లిల్లీలు కాదు... అరచేయంత పూలు, మధ్యలో పసుపుపచ్చ పుప్పొడి. అంటుకుంటే సబ్బుకు కూడా వదిలేది కాదు.

కొట్టతను కాడలు కత్తిరించి, కాగితం చుట్టి, "నీళ్లల్ల పెట్టున్రి అమ్మా, వారం ఉంటయి" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

ఆరాధన అయ్యాక ఆ పూలను ఇళ్లకు పంచేవారు. దేవుని బల్ల మీద ఉండి వచ్చిన పూలు, వాడినా పారేయకూడదని అమ్మ పట్టు. ఇత్తడి చెంబులో పెట్టి వారమంతా కిటికీ గూట్లో ఉంచేది. రాలిన రేకలు బైబిల్లో దాచేది.

ఆ గూట్లోనే మా పండు పడుకునేది. పండు మా పిల్లి... మెట్ల కింద వానలో తడుస్తుంటే నేనే తెచ్చుకున్నాను.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడాది, ఈస్టర్ మర్నాడు, పండు మీసాల నిండా ఆ పసుపు పొడి. పెళ్లికూతురిలా ఉందని నవ్వాను. తుడవలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. సాయంత్రానికి చొంగ కార్చింది, కక్కింది, తిండి మానేసింది. మూడో రోజు పోయింది.

ఆ రోజే పక్క వాటా బాలమణి ఆంటీ గుమ్మం దగ్గర సత్తు గిన్నెలో చేప ముక్కలు కనిపించాయి. పాలు తాగేసిందని ఆంటీ అంతకుముందు వారమే పండును తిట్టింది. ఇంకేముంది...

"ఏంటండీ బాలమణి గారూ, నోరులేని జీవానికి మందు పెడతారా?" అంది అమ్మ, వాకిట్లో అందరూ వింటుండగా.

"నేనెందుకు పెడత అమ్మా, గది..." అని ఆంటీ ఏదో చెప్పబోయింది. నేను వెళ్లి ఆ గిన్నెను కాలితో తన్నాను. ఆంటీ మళ్లీ మాతో మాట్లాడలేదు. ఆ ఏడాదే వాళ్లు యూసుఫ్‌గూడకు ఇల్లు మారారు.

మొన్న మా అమ్మాయి తెచ్చుకున్న పిల్లికూనకు సూది వేయించడానికి వెళ్తే, డాక్టరమ్మ మామూలుగా చెప్పింది. "ఇంట్లో లిల్లీలు మాత్రం పెట్టకండి. పుప్పొడి నాకినా, ఆ పూల నీళ్లు తాగినా కిడ్నీలు పోతాయి. రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది."

ఒళ్లు మండిపోయింది. నేరుగా పంజాగుట్టకు వెళ్లి, లిల్లీలు అమ్ముతున్న కొట్టతన్ని అడిగాను... ఇంట్లో పిల్లి ఉందా అని కొనేవాళ్లను ఒక్క మాట అడగొచ్చు కదా, అన్నా?

"పూలే గద మేడం. గివన్ని ఎవలడుగుతరు?" అన్నాడు.

చుట్టే కాగితం మీద కొట్టు పేరు ఇంత లావున అచ్చేయిస్తారు. ఈ ఒక్క వాక్యానికి చోటు లేదా? అరిచేశాను. అరిచి బయటికొచ్చాక ఆ కోపమంతా నా మీదికే తిరిగింది. ఆంటీ నోటి మాట పూర్తి కాకుండానే తీర్పు చెప్పింది అతను కాదుగా... మేం. అమ్మ ఇప్పుడు లేదు. ఉంటే చెయ్యి పట్టుకుని ఆంటీ గుమ్మం దాకా లాక్కెళ్లేదాన్ని.

పాత వాటావాళ్లను అడిగి యూసుఫ్‌గూడ వెళ్లాను. ఆంటీ నన్ను గుర్తుపట్టింది. లిల్లీల సంగతంతా చెప్పి, తప్పయిపోయిందన్నాను.

ఆంటీ నెమ్మదిగా అంది. "గా గిన్నె దానిదే బిడ్డా. రోజు అండ్లనే తినేది. ఏం తింటలేదని ఆ దినం ముండ్లు తీసి పెట్టిన... ముట్టలే. మీ అమ్మకు గదే చెప్పబోయిన."

అప్పట్లో ఈస్టర్‌కే కనిపించిన ఆ లిల్లీలు ఇప్పుడు ఏడాది పొడుగునా దొరుకుతున్నాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఒక్క కాడ కూడా తేకండి. నేను తన్నిన సత్తు గిన్నెలాంటిది మీ చిన్నప్పుడూ ఉంటే, దీని కింద కామెంట్లలో రాసేముందు, మీరు నింద వేసినవాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లి రండి...