గాలి ఆగని వార్డు

సరిహద్దులో యుద్ధం మొదలైన వారం నేను టీబీతో ఛాతీ ఆసుపత్రిలో ఉన్నాను. మందులు పడి ఆకలి తిరిగొచ్చింది. మాది మల్కాపురం, రేవుకీ రిఫైనరీకీ మధ్యన. బాంబు పడితే ముందు మీ మీదేనని వార్డులో అందరూ నా మీద జాలిపడేవారు.

ఓ పొద్దున్న ఆర్డరొచ్చింది. గాయపడ్డవాళ్ళు వస్తే మంచాలు కావాలి కాబట్టి నడవగలిగినవాళ్ళు మందులు తీసుకుని ఇళ్ళకి వెళ్ళిపోవాలి. విమానాలొస్తే ఊరు కనపడకుండా, ఆ సాయంత్రమే సైరన్ మోగించి ఊరంతా లైట్లు ఆర్పించి చూస్తారట.

నా పక్క మంచం ముసలామె ఎక్కడికీ కదిలే స్థితిలో లేదు. టీబీ తగ్గినా ఊపిరితిత్తులు పాడైపోయి ఆక్సిజన్ మీద ఉంది. అలాంటివాళ్ళు ఇంకొందరున్నారు. ఆమె కూతురికి పాత టౌన్లో బురఖాలు కుట్టే షాపుంది. అది వదిలి తల్లి దగ్గరే ఉండేది.

మా వార్డు కిటికీలు మనిషెత్తు ఉంటాయి. ఏర్పాట్లు చూడ్డానికొచ్చిన ఆఫీసరు వాటిని మూసి లైట్లు ఆర్పెయ్యమన్నాడు.

"లైటు నేకపోతే ఆక్సిజన్ ఎంతొస్తందో నానెలా సూడాలి సార్? కిటికీలు మూసేత్తే ఈళ్ళకి ఊపిరాడదు," అంది హెడ్ సిస్టరు. గొంతు పెంచలేదు. "సాయంత్రం దాకా టైమియ్యండి."

ఆయన సరేనని వెళ్ళాక మా వైపు తిరిగి, "ఏటి సేద్దామో మీరే సెప్పండమ్మా," అంది.

ముసలామె కూతురు లేచింది. "షాపులో నల్ల గుడ్డ తాను ఉంది సిస్టర్. రెండు పొరలేసి కుడితే వెలుగు బయటికి పోదు. మిషన్ తెచ్చేస్తా."

మధ్యాహ్నానికల్లా ఆటోలో మిషనొచ్చింది. ఆమె వరండాలో కూచుని కుడుతుంటే నేను అంచులు చేత్తో కుట్టాను. నన్ను తీసికెళ్ళడానికొచ్చిన మా ఆయన నిచ్చెనెక్కి తెరలు వేలాడదీయడానికి వెదురు కర్రలు కట్టాడు. కిటికీకి మూరెడు ఇవతలగా కట్టించింది సిస్టరు, తెర కిందనించి గాలి రావాలని.

సైరన్ మోగింది. మా ఆయన బయటికెళ్ళి చూసొచ్చి, "ఏటీ అవుపించట్నేదు," అన్నాడు. లోపల లైట్ల కింద సిస్టరు మంచం మంచానికీ తిరుగుతోంది.

"ఏమైంది?" అని అడిగింది ముసలామె.

"ఏం లేదమ్మీ. వీధిలో కరెంటు పోయింది," అంది కూతురు, తల్లి కాళ్ళు నొక్కుతూ.

ఆఫీసరు వచ్చి తెర పక్కన కాసేపు నిలబడ్డాడు. మొహానికి గాలి తగిలినట్టుంది. "ఇలాగే ఉంచండమ్మా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను ఇంటికొచ్చేశాను. కొద్ది రోజులకే కాల్పులు ఆగిపోయాయి. మా ఆసుపత్రికి గాయపడ్డవాళ్ళెవరూ రాలేదు. తర్వాత మందుల కోసం వెళ్తే, ముసలామెని ఆక్సిజన్ మిషనుతో ఇంటికి పంపారని తెలిసింది.

"ఆఫీసరుకి భలే ఎదురు చెప్పారండీ," అన్నాను సిస్టరుతో.

"నాకూ బయమేసింది. అలాగని ఈళ్ళని ఒగ్గీలేం కదా," అంది. "ముందు నువ్వు ఈ కాటా ఎక్కు. తింతన్నావో నేదో సూద్దాం."