అమ్మ తట్ట

మా నాయన చిన్నతనంలో వరి అన్నం రెండు సందర్భాల్లోనే కనిపించేదట. ఒకటి పండగ, రెండోది జ్వరం. మిగతా రోజులన్నీ రాగి సంగటే. పక్కింట్లో ఎసరు పొంగి గంజి వాసన వస్తే గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణని ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పేటప్పుడు నవ్వేవాడు కాదు.

అందుకే సంసారం తన చేతికి రాగానే నాయన బోరు వేయించాడు. ఆ నీళ్ల కింద ఒక మడి వరి పెట్టాడు. మా ముదిగుబ్బ చుట్టుపక్కల వానల్లేని ఎర్రనేలలో వరి పెట్టడం ఎంత మొండితనమో అక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. "నా ఇంట్లో సంగటి తినే ఖర్మ ఎవురికీ ల్యా" అని అరుగు మీద నలుగురిలో అనేవాడు. ఆయన గొప్పంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది. ఇంటికి చుట్టాలు వస్తే ఆకు నిండా తెల్లటి అన్నం పెట్టించి, వాళ్ల మొహాలు చూస్తూ కూర్చునేవాడు.

తొంభైల చివర్లో బోరు ఎండిపోయింది. మడి బీడుపడింది. రేషను స్టోరు బియ్యం కొన్ని, అంగడి బియ్యం కొన్ని కలిపి అమ్మ ఇల్లు నెట్టుకొచ్చింది. నాయన ముందు తినేవాడు, తర్వాత మేము పిల్లలం. అమ్మ అందరికంటే చివర, వంటింటి వెనక గిన్నెలు తోమే బండ దగ్గర కూర్చుని తినేది. అక్కడ ఒక చిన్న కుండలో సంగటి ఉండేది. రాగిపిండి కూలివాళ్ల కోసమని మిషను పట్టించుకొచ్చేది. చెనిక్కాయ, అదే వేరుశెనగ, పీకే రోజుల్లో కూలివాళ్లకు సంగటి పెట్టే మాట నిజమే. కానీ పంట ఇంటికొచ్చాక కూడా ఆ కుండ పొయ్యెక్కుతూనే ఉండేది.

అమ్మ వేళ్లు తడి చేసుకుని ముద్ద తుంచి, ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని గుటుక్కున మింగేది. మాకు అది రహస్యంగా కూడా అనిపించలేదు. అమ్మ అక్కడే తింటుంది, అదే తింటుంది అనుకున్నాం. మరి నాయనకు తెలియదా అంటే, ఆయన వంటింటి వెనక్కి తొంగి చూసిన పాపాన పోలేదు. చూడనివాళ్లకు తెలియకపోవడం చాలా సులువు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ తర్వాత రెండు మూడేళ్లకు చేలో నాయన కాలికి కంప ముల్లు దిగింది. ముల్లు తీసి పసుపు పెట్టారు. ఆకుపసరు పోశారు. పుండు మానకపోగా పాదం వాచి నల్లబడింది. అనంతపురం తీసుకుపోతే రక్తం పరీక్ష చేసి సుగరన్నారు, అది కూడా బాగా ముదిరిందన్నారు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, తిండి విషయం అమ్మకే చెప్పాడు. మూడు పూటలా ఈ అన్నం మానిపించమన్నాడు. సంగటైనా కొర్రలైనా కొలతగా పెట్టి, కడుపు ఆకుకూరలతో, పప్పుతో నింపమన్నాడు. "మాట వినకపోతే కాలు తీసేయాల్సి వస్తుందమ్మా" అన్నాడు. నాయన అక్కడే కుర్చీలో కూర్చుని కిటికీ వైపు చూస్తున్నాడు.

ఆయన కోపం బయటపడింది ఇంట్లో, తినే వేళకు. మా వైపు కంచాన్ని తట్ట అంటాం. ఆయన తట్టలో అమ్మ చిన్న సంగటి ముద్ద, పక్కన పుంటికూర పప్పు పెట్టింది. నాయన తట్టను అవతలికి తోసేశాడు.

"జరమొచ్చినోనికి గూడా బువ్వ పెడతారు. నాకు సంగటి పెడతావా? కాలు పోతే పోనీ. నా ఇంట్లో ఎవురూ సంగటి తినల్యా, నేనూ తినను."

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. అమ్మ ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమో అనుకున్నాను. ఆ రెండూ చేయలేదు. వెనక్కి పోయి తన కుండ, తన సొట్ట తట్ట తెచ్చుకుంది. నాయన ఎదురుగా కూర్చుంది. ఆమె ఆయన ఎదుట కూర్చుని తినబోవడం నేను చూడటం అదే మొదటిసారి. ముద్ద తుంచి మింగి, అప్పుడు చెప్పింది.

"ఈ ఇంట్లో నేను తింటాండా."

"యావొద్దు నుంచి?"

"బోరు ఎండిపోయిన కాడ్నుంచి. బియ్యం నీకూ పిల్లోళ్లకూ సరిపోయేవి. నాకు యాడ సరిపోతాయి?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నాయన ఆ కుండ వైపు చాలాసేపు చూశాడు. దాని అంచుకు ఎండిపోయిన సంగటి పెచ్చులు అతుక్కుని ఉన్నాయి. ఆయన గొప్ప ఆ కుండ దగ్గర కూలిపోయిందని నాకు అప్పుడు అర్థం కాలేదు. తినకుండానే లేచి, కుంటుకుంటూ పోయి అరుగు మీద పడుకున్నాడు.

మరునాడు పొద్దున అమ్మ మళ్లీ అదే పెట్టింది. నాయన తట్ట ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి పెట్టలేదు.

"నీ తట్ట యాడ?" అన్నాడు.

"నేను తర్వాత తింటాలే."

"ఈడికి తెచ్చుకో. నువ్వు తింటేనే నేను తినేది."

అమ్మ తెచ్చుకుంది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. ఎందుకో నాకు సిగ్గేసి బయటికి వచ్చేశాను.

అప్పటి నుంచి ఇంటి వంటే మారిపోయింది. నాయనకు ఒకటి, మాకు ఒకటి అని అమ్మ వేరుగా వండలేదు. ఆయనకు పనికొచ్చేదే అందరికీ. ఉలవచారు, అలసందల పులుసు, వాన పడితే చేనుగట్ల మీద గిల్లుకొచ్చిన చెంచలాకు. సంగటి మింగలేక మేం పిల్లలం మొహాలు మాడ్చుకునేవాళ్లం. "నమలగాకండి, మింగండి" అని నాయనే నేర్పించాడు. ఎన్నేళ్లయినా ఆయన గొంతు ఆ దారి మరిచిపోలేదు. పుండు మానడానికి నెలలు పట్టింది. చిటికెన వేలు పోయింది కానీ కాలు దక్కింది. ఇంటికి చుట్టాలొస్తే వాళ్లకు అన్నం పెట్టించి, తాను మాత్రం వాళ్ల ఎదుటే సంగటి తినేవాడు. ఏ పూటైనా సరే, మొదటి ముద్ద తుంచే ముందు వంటింటి వైపు చూసి ఆ మాట అడిగేవాడు. "నీ తట్ట యాడ?" ఎంత ఆకలైనా అమ్మ వచ్చి కూర్చునేదాకా ఆగేవాడు.

అలా ఏడెనిమిదేళ్లు బతికాడు. ఒకరోజు చేలోనే గుండె ఆగిపోయింది.

దినం రోజు ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టాలి. మా మేనత్త, నాయన అక్క, వంటింట్లోకి వచ్చి అమ్మతో అంది, "సంగటి పెట్టుమ్మే. కడాకు వాడు దాంతోనే బతికినాడు గదా." అమ్మ వినిపించుకోలేదు. సన్నబియ్యం వండించింది. ఆవిరి పోతున్న అన్నం ఆకులో గుట్టగా పోసి, మధ్యలో గుంట చేసి, నెయ్యి కారిపోయేలా పోసింది. పక్కన పాయసం పెట్టింది. మేనత్త నోరు తెరవబోతే చెప్పింది.

"ఇంక ఆయప్పకు సుగరు యాడుండాది? తిననీ."

ఇన్నేళ్లూ ఆయన సంగటిని ఇష్టపడి తినలేదని అమ్మకు ఒక్కదానికే తెలుసు. నాకు దుఃఖం ఆగలేదు. అమ్మ కళ్లల్లో మాత్రం తడి లేదు.

చుట్టాల బంతులు లేచాయి. మేము కూర్చునే వేళకు చూస్తే అమ్మ లేదు. వంటింటి వెనక, గిన్నెలు తోమే బండ దగ్గర కూర్చుని ఉంది. ఆ సందడిలో ఎప్పుడు సంగటి కెలికిందో, చిన్న కుండ, తట్టలో ముద్ద. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అక్కడే. పిలిచే మనిషి లేకపోయేసరికి ఆమె కాళ్లు పాత చోటికే పోయాయి. లోపలికి వచ్చి, నాయన కూర్చునే చోట కూర్చుని, గట్టిగా అడిగాను.

"అమ్మా, నీ తట్ట యాడ?"

కాసేపటికి అమ్మ తట్ట పట్టుకుని గడపలోకి వచ్చింది. నా వైపు, నేను కూర్చున్న చోటు వైపు చూసి, ఆయన పోయాక మొదటిసారి గొల్లుమని ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది.