జీపు స్ప్రింగులు, అమ్మాయి నడుం

మా అల్లుడు ఏ బండి కనపడినా రెండు చేతులూ బానెట్ మీద ఆనించి ఒక్క నొక్కు నొక్కుతాడు. అదెలా ఊగుతోందో తల వాల్చి చూస్తాడు. ఈమధ్య మా సోఫాని కూడా వదలడం లేదు. జీపుకి కొత్త స్ప్రింగులు వేయించాలట. ఆదివారం ఆ జీపుతో కొండల్లో రాళ్లెక్కుతాడు. మిగతా రోజులు నడుంనొప్పి మనిషైన మా అమ్మాయిని అందులోనే ఆఫీసు దగ్గర దింపుతాడు. గట్టివి వేస్తే కొండ మీద బాగుంటుంది, ఊళ్లో గతుకులకి పిల్ల నడుం విరుగుతుంది. మెత్తవి వేస్తే నడుం దక్కుతుంది, జీపు కడుపు రాళ్లకి గీసుకుంటుంది. పాపం, కంచం ముందు కూర్చుని కూడా అరచేతుల్తో గాలిని నొక్కుకుంటున్నాడు.

"బాబూ, మీకు పెళ్లాం కావాలా, కొండ కావాలా?" అన్నాను.

"రెండూ కావాలత్తయ్యా," అన్నాడు, నిజంగానే దిగులుగా.

నిన్న మెకానిక్ విసిగిపోయి, "ఏదో ఒకటి తేల్చండి సార్," అన్నాడట. మావాడు తేల్చాడు. ముందు మెత్తవి, వెనక గట్టివి! మెకానిక్ వద్దంటున్నా వినలేదు. "మా ఆవిడ కూర్చునేది ముందేగా!" అన్నాడట.

పొద్దున నన్ను కంటి డాక్టరు దగ్గర దింపుతామని వెనక ఎక్కించారు. ముందు సీట్లో అమ్మాయి, "అబ్బ, ఊయలలా ఉందండీ," అంది. అల్లుడి మొహం వెలిగిపోయింది. మొదటి గతుక్కే నేను ఎగిరి, నా తల పైకప్పుకి కొట్టుకుంది. బండాపి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో అత్తయ్యా, వెనక మీరున్నారు కదా!" అని తల పట్టుకున్నాడు.

నాది కాదు, తనది.