తాడు తిరిగి ఇవ్వడం

కుక్కల షెల్టర్‌లో ఆమెను అందరూ తాళ్ళక్క అనేవారు. పాత తువ్వాళ్ళు చీల్చి జడల్లా అల్లి, ఎప్పుడూ రెండు తాళ్ళు భుజాన వేసుకుని తిరిగేది. కరిచే కుక్కలన్నీ పంతొమ్మిదేళ్ళుగా ఆమె వంతే.

ఆమె కర్ర పట్టదు. తాడు ఒక కొస కుక్క నోటికిచ్చి, రెండో కొస తాను లాగుతుంది. కుక్క గుర్రుమంటూ ఊగిపోతుండగా చటుక్కున తాను బిగుసుకుపోయి నిలబడి, "వదులు" అంటుంది. వదిలి కూర్చుంటే ఆ క్షణమే తాడు తిరిగి ఇచ్చేస్తుంది. వదిలినంత మాత్రాన తాడు పోదని నమ్మకం కుదిరాక, కుక్క ఎంత ఉడుకులో ఉన్నా మాట వింటుంది.

ఆ వానల్లో లేత్ మిషన్ మీద పనిచేసే ఒకతని గోధుమరంగు కుక్క వచ్చింది. నోట్లోది లాక్కోబోయిన ఇద్దరిని కరిచింది. పదకొండు రోజుల గడువు. ఆపైన డాక్టరు ముందు పరీక్ష. నెగ్గితే ఇంటికి, లేకపోతే ప్రాణం తీసే సూది.

లేత్ అతను రోజూ పని దిగి నేరుగా వచ్చేవాడు, చేతుల నిండా గ్రీజుతో.

"నేనూ కాసేపు ఆడించనా అక్కా?"

"నిన్ను చూస్తే దానికి ఒళ్ళు తెలీదు. బయట కూర్చో తమ్ముడూ."

"మా ఇంటి కుక్కకి నేను చుట్టాన్నైపోయానన్నమాట," అని నవ్వి, రేకుల గోడ అవతల బల్ల మీద కూర్చునేవాడు. అక్కడికి గుర్రు వినబడుతుంది, ఆట కనబడదు.

మనుషులకు నేర్పే ఓపిక ఆమెకు లేదు. ఒక్కతే అయితే పని త్వరగా సాగుతుంది. తొమ్మిదో రోజుకి కుక్క ఒక్క మాటకే వదలసాగింది.

పరీక్ష రోజు ఆమె తాడు తీసుకోబోతే డాక్టరు ఆపాడు. "నువ్వు కాదమ్మా. ఇది వెళ్ళేది నీ ఇంటికి కాదుగా. అతన్ని పట్టుకోమను."

"కంగారుపడకు. 'వదులు' అను, అంతే," అందామె అతనితో.

అన్నాడు. కుక్క వదిలి కూర్చుంది. అతని ముఖం చేటంతయింది. "చూశారా సార్, ఎంత బుద్ధిగా ఇచ్చేసిందో!" అంటూ తాడు వెనక్కి దాచాడు.

"ఇచ్చెయ్! దానికిచ్చెయ్!"

"ఎందుకక్కా, గెలిచాంగా?"

కుక్క ఎదురుచూసింది. లేచి, మళ్ళీ కూర్చుంది. ఒకసారి ఆమె వైపు చూసింది. తర్వాత ఎగిరి తాడు అందుకుంది. ఈసారి ఎన్నిసార్లు అన్నా వదల్లేదు. అతను దవడ పట్టి లాగాడు. మణికట్టు మీద నాలుగు గాట్లు పడ్డాయి.

"మూడో కాటు," అని డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఇంకో వారం ఇవ్వండి డాక్టరుగారూ. తప్పు దానిది కాదు. ఇతనికి నేను నేర్పలేదు."

"నిజమే కావచ్చు. రేపు ఇంటికొచ్చిన వాళ్ళెవరో దీని నోటి దగ్గర చెయ్యి పెడతారు. వాళ్ళకెవరు నేర్పుతారు?"

సంతకం చేశాడు.

లేత్ అతను గుడ్డ చుట్టిన చేతిని పట్టుకుని నిలబడ్డాడు. "తిరిగివ్వాలని ఒక్క ముక్క చెప్పుండొచ్చుగా అక్కా. పదకొండు రోజులు అక్కడే కూర్చున్నా."

ఆమె కుక్కను లోపలికి నడిపిస్తూ, అతన్ని కూడా రమ్మంది.

సూది గదిలో కుక్క ఎవరూ చెప్పకుండానే కూర్చుంది. డాక్టరు సూదిలోకి మందు ఎక్కిస్తున్నంతసేపూ కదలకుండా, తాడు కోసం ఆమె చేతుల వైపే చూస్తూ ఉంది.

"పట్టుకోవాల్సిన పని కూడా లేదు," అన్నాడు డాక్టరు.