సడ్డకుడి కార్డులాంటి కార్డు

గద్వాల మొత్తంలో కంప్యూటరు డబ్బా మూత విప్పి, గ్రాఫిక్స్ కార్డును సొంత చేత్తో బిగించి, అది పనిచేయకపోతే కంపెనీ వాళ్లను ఫోన్లో నిలదీసి, తప్పు మాదేనని వాళ్ల నోటితోనే అనిపించిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. ఈ మాట నాగర్‌కర్నూల్లో మా అత్తగారింట్లో, అందరూ బువ్వకు కూర్చున్నప్పుడు చెప్పాను. అందరూ చెయ్యి ఆపి విన్నారు. ఎదురుగా కూర్చున్న మా సడ్డకుడు, అంటే మా ఇంటామె చెల్లెలి మొగుడు, తల ఎత్తకుండా మటన్ బొక్కలోని మూలుగ జుర్రుకుంటూ ఉండిపోయాడు.

అందులో నిజమెంతో తర్వాత చెప్తాను. ముందు మా సడ్డకుడి సంగతి చెప్పాలి. అతను లేకపోతే నేను ఆ కార్డు జోలికి పోయేవాణ్ని కాదు.

నాది చీరల మీద బొమ్మలు గీసే పని. గద్వాల చీర అంచులో హంస కావాలన్నా, కొంగులో మామిడిపిందె కావాలన్నా ముందు గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుతూ గీయాలి. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలను దండలా కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే, రంధ్రాల లెక్కన దారాలు లేస్తాయి, హంస దిగుతుంది. నలభై ఏళ్లు కాగితం మీదే గీశాను. తర్వాత మా మగ్గాలకు పని ఇచ్చే షావుకారి కంప్యూటరులో గీయమన్నాడు. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఒకటి కొని, అరవై దాటాక మౌసు పట్టడం నేర్చుకున్నాను. మూడు రోజుల్లో నేర్చుకున్నానని అందరికీ చెప్తాను. మూడు నెలలు పట్టింది.

మా సడ్డకుడిది వనపర్తి. పెళ్లి ఫోటోల స్టూడియో. నాకంటే ఎనిమిదేండ్లు చిన్న. నేను పెద్దల్లుణ్ని కాబట్టి అత్తగారింట్లో మూలుగ బొక్క ముందు నా పళ్లెంలోనే పడాలి, పడుతుంది కూడా. కానీ అతను స్టూడియోకు పెద్ద కంప్యూటరు తెచ్చిన నాటి నుంచి, బొక్క నా పళ్లెంలో వేస్తున్న వాళ్ల ముఖం అతని వైపు తిరిగి ఉంటోంది. కారణం మా మామ ఫోటో. సగం చెదలు తిన్న ఫోటోను అతను కంప్యూటరులో బాగుచేసి, రంగులద్ది, నిలువెత్తు చేసి గోడకు తగిలించాడు. మామ అందులో బతికున్నప్పటి కంటే ఆరోగ్యంగా ఉన్నాడు. మామ పంచెకు అంచు గీసిచ్చింది నేను. ఆ పంచె ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఫోటోకు మాత్రం రోజూ పూలదండ.

ఒకసారి వనపర్తి పోయినప్పుడు స్టూడియోలో ఆ కంప్యూటరు చూపించాడు. పెళ్లికూతురు మెడలోని గొలుసును పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఒక్కో పూస గుమ్మడికాయంత అయ్యింది గానీ తెర ఒక్క క్షణం కూడా తడబడలేదు. నా కంప్యూటరులో హంసను పెద్దది చేయమని నొక్కితే ముక్కు కనిపిస్తుంది. పోయి చాయ తాగి వస్తే తోక కనిపిస్తుంది. ఆ పూటంతా నేను అతని తెర వైపు చూడలేదు, చూస్తే కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టే ఉంది.

“అన్నా, అంత ఈ కార్డు మహిమనే. నీ మిషన్‌కు గూడ ఒకటి ఏపిస్త. గని ముందుగాల నీ డబ్బ చూడాలె. అన్నిట్ల అన్ని పట్టయి,” అన్నాడు.

“నా దానికేం రోగం. గుర్రం లెక్క ఉరుకుతది,” అన్నాను. అతను చాయ తేవడానికి బయటికి పోగానే, అలమర మీద పెట్టిన ఖాళీ డబ్బా మీదున్న కార్డు పేరు, నంబరు బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను.

అంతలో షావుకారి ఒక పెళ్లిచీర పని ఇచ్చాడు. కొంగంతా హంసల వరుస, ఒకదాని మెడలా ఇంకోదాని మెడ ఉండకూడదు. పైగా బొమ్మ కొత్త సాఫ్ట్‌వేరులోనే కావాలి, పైవారం శుక్రవారానికల్లా కావాలి. ఆ కొత్త సాఫ్ట్‌వేరు నా కంప్యూటరులో తెరుచుకోలేదు. కార్డు లేనిదే నడవనని ఇంగ్లీషులో ఒక వాక్యం చూపించి మూసుకుపోయింది. సంగతి చెప్తే షావుకారి కోప్పడలేదు. శుక్రవారం దాకా చూస్తానని, కాకపోతే బెంగుళూరులో గీసేవాళ్లున్నారని మెల్లగా అన్నాడు. పని ఒకసారి ఊరు దాటిందంటే మళ్లీ రాదు. నా ఈడు వాళ్లలో ఇంకా గీస్తున్నది నేనొక్కణ్నే. ఆ ఒక్కణ్ని కూడా కాకుండా పోతానేమోనని భయమేసింది.

సడ్డకుడికి ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. బస్సు టికెట్టు పట్టుకుని గద్వాలలోనే ఒక కంప్యూటర్ల దుకాణానికి పోయాను. నా కంప్యూటరు ఏ కాలందో చెప్తే దుకాణపాయన నీళ్లు నమిలాడు. పాతదానికి ఇంత కొత్త కార్డు అతకకపోవచ్చు, ఆలోచించుకోమన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటి గుణం వేరు, బరువు వేరు, సాగడం వేరు. అయినా మగ్గం మీదనే పోగుకు పోగు మెలేసి కలిపేస్తాం, దాన్ని కుప్పడం అంటాం. చీర చిరిగినా ఆ అతుకు ఊడదు. అట్లాంటి ఊరివాడికి, ఇది దానికి అతకదని చెప్తావా అని ఆయనకు ఒక పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఇంకేమీ అనకుండా కార్డు తెప్పించాడు.

సోమవారం కార్డు చేతికొచ్చింది. కొత్త అట్టల దండ మగ్గానికి ఎక్కించే ముందు మొదటి అట్టకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఊదుబత్తి తిప్పడం మాకు రివాజు. కార్డుకూ అదే మర్యాద చేసి డబ్బా మూత విప్పాను.

అక్కడ మొదలైంది. కార్డు జానెడు దాటి పొడుగుంది. లోపల డిస్కు పెట్టే తట్ట అడ్డమొచ్చింది. ఆ తట్టను ఊడబీకి, ఆకురాయితో మూల అరగదీసి చోటు చేశాను. తీరా చూస్తే కార్డుకు కరెంటిచ్చే తీగ నా పాత డబ్బాలో లేనే లేదు. మళ్లీ దుకాణానికి పోయి కరెంటు డబ్బా కూడా కొత్తది తెచ్చాను. మంగళవారం మధ్యాహ్నానికి అన్నీ బిగించి మీట నొక్కాను. పంకాలు తిరిగాయి, దీపాలు వెలిగాయి. తెర మాత్రం అమాస.

కంపెనీ సాయం నంబరుకు ఫోన్ చేశాను. తెలుగుకు ఐదు నొక్కమంది. ఐదు నొక్కితే అరగంట సన్నాయి వాయించారు. చివరికి ఒకాయన వచ్చాడు, కోస్తా వైపు మాట, మాటకు ముందొక అండి, వెనకొక అండి. గోడ స్విచ్చు నుంచి మొదలుపెట్టి ముప్పై ప్రశ్నలు వేశాడు. ముప్పైకీ నిమ్మళంగా జవాబు చెప్పాను. పల్లెటూరి ముసలాయన, ఏమీ తెలియదని అనుకుంటాడేమోనని, తెలియదన్న మాట ఒక్కసారి కూడా రానీయలేదు. ఆయన ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చి, మళ్లీ ఇబ్బందైతే చేయమన్నాడు.

మళ్లీ చేశాను. ఈసారి వేరే ఆయన. నంబరు చెప్పినా వినకుండా మళ్లీ గోడ స్విచ్చు నుంచి మొదలుపెట్టాడు. మూడోసారి ఒక అమ్మాయి, ఆర్పి వెలిగించమంది. నాలుగో ఆయన, మీ కంప్యూటరుకు ఈ కార్డు సరిపడదేమో దుకాణంలో అడగమన్నాడు. దుకాణంలో అడిగితే కంపెనీని అడగమన్నారు. నేను వాళ్లను ఇంగ్లీషులో కడిగిపారేశానని ఊళ్లో చెప్పాను. నిజానికి ఫోన్ ఎత్తిన ప్రతిసారీ కుర్చీలోంచి లేచి నిలబడి, సార్ సార్ అన్నాను.

అన్నిటికంటే కడుపు మండించిన సంగతి మా ఇంటామె చెప్పింది. మా సడ్డకుడిదీ అదే కంపెనీ, అతనికి ఏదైనా ఇబ్బందొస్తే వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారట. అతను వాళ్లను తమ్మీ అని పిలిచి, తిన్నవా అని అడుగుతాడట. నాకు సన్నాయి, అతనికి తిరుగు ఫోను. బుధవారం ఆ మంట మీదనే గడిచింది. హంసలు ఒక్కటి కూడా మొదలుకాలేదు.

గురువారం పొద్దున్నే, జూరాల మీదుగా వచ్చే బస్సు దిగి మా సడ్డకుడు గడపలో నిలబడ్డాడు. చేతిలో చిన్న సంచి. నాకు చెప్పకుండా మా ఇంటామె చెల్లెలికి ఫోన్ చేసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె పొయ్యి వైపు చూసింది.

అతను చాయ తాగి, డబ్బా విప్పి, లోపలంతా తడిమి చూశాడు. తట్ట అరగదీసిన తీరు బాగుందన్నాడు, కరెంటు డబ్బా సరైనదే తెచ్చావన్నాడు. తప్పు పడతాడని కాచుకుని ఉంటే మెచ్చుకున్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది. తర్వాత కార్డు బయటికి తీసి కిటికీ వెలుతురుకు పట్టాడు. కార్డు కింది అంచున దువ్వెన పళ్లలాగా బంగారు రేకులుంటాయి, అవే లోపలి చీలికలో కూర్చునేది. చాలాసేపు వాటినే చూశాడు.

“అన్నా, బొట్టు పెట్టినవా దీనికి?”

“పెట్టిన. పెట్టకుంట ఎట్ల ఎక్కిస్త?”

“యాడ పెట్టినవ్?”

“ముఖం మీదనే. బంగారం మెరుస్తున్నకాడ.”

అతను నవ్వలేదు. నవ్వితే బాగుండేది. “రబ్బరుందా?” అన్నాడు.

నా సొరుగులో పెన్సిలు రబ్బర్లు నలభై ఏళ్లవి ఉన్నాయి. అరిగినవి, సగానివి, కొత్తవి. అతను ఒకటి తీసుకుని పంటి వెంట పంటిని మెత్తగా రుద్దాడు. పసుపు, ఎరుపు పొట్టు నా బల్ల మీద రాలింది. మళ్లీ బిగించి మీట నొక్కాడు. తెర వెలిగింది. కొత్త సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. పాత పనిలోని నా హంసను తెరిచాడు. ముక్కు, మెడ, తోక ఒక్కసారే వచ్చి నిలబడ్డాయి, చాయ తాగే సందు కూడా ఇవ్వలేదు.

సంతోషపడాల్సింది. నా హంస అతని చేతి కింద లేచిందే అని ఏడుపొచ్చినంత పనైంది. అతను దాని ముక్కును పెద్దది చేసి చూస్తూ, “గీ ఒంపు మిషన్ల రాదన్నా. గిది నీ చేతికే వస్తది,” అన్నాడు. ఆ మాటను అప్పుడు పుచ్చుకోలేకపోయాను. వనపర్తి వాడి దగ్గర మంచి మాటలు కూడా నాకంటే ఎక్కువ నిల్వ ఉన్నాయే అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం షావుకారికి హంసలు అందాయి. తొమ్మిది మెడలు, తొమ్మిది తీర్లు. ఆయన ఒక్కో మెడ మీద వేలు పెట్టి చూసి, తర్వాతి చీర పని కూడా నాకే చెప్పాడు. బెంగుళూరు మాట మళ్లీ ఎత్తలేదు.

బస్సెక్కేటప్పుడు సడ్డకుణ్ని, ఇంట్లో ఏం చెప్తావని అడిగాను. “ఏం చెప్త? నేను రాలేదనుకో,” అన్నాడు. అన్నట్టే ఎవరికీ చెప్పలేదు. నాగర్‌కర్నూల్లో నేను సొంత డబ్బా కొట్టుకుంటుంటే తల ఎత్తకుండా బొక్క జుర్రుకున్నది అందుకే. అతని స్థానంలో నేనుంటే బస్సు ఆత్మకూరు చేరకముందే పదిమందికి ఫోన్లో చెప్పేవాణ్ని. కంప్యూటరు చూసి ఓర్వలేకపోయాను, తిరుగు ఫోను చూసి ఓర్వలేకపోయాను, ఇప్పుడు అతని నోటి కట్టుబాటు చూసి కూడా ఓర్వలేకపోతున్నాను.

ఇక కంపెనీ తప్పు ఒప్పుకోవడం. శనివారం వాళ్లే ఫోన్ చేశారు. నాకూ తిరుగు ఫోను వచ్చింది. ఇబ్బంది తీరిందా సార్ అని అడిగారు. తీరిందన్నాను. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండి అన్నారు. ఆ ఒక్క చింతనే నేను సాగదీసి, వాళ్ల నోటితో తప్పు ఒప్పించానని చెప్పుకున్నాను. అందరికీ ఆ వాక్యమే అంటారని నాకూ తెలుసు.

ఇదంతా రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. ఆమె పల్లికాయలు ఒలుస్తూ చివరిదాకా విన్నది. ఇప్పుడన్నా దాచకుండా రాసినట్టేనా అని అడిగాను.

“ఒక్కటి రాయకుంట ఎగవెట్టినవ్,” అంది. “మొదటి దినమే ఆ కోస్తాయన అడిగిండు, కార్డు పండ్లకు ఏమన్న అంటిందా, రబ్బరుతోని తుడిచి చూడుమని. నువ్వు స్పీకర్ పెట్టినవ్, నేను పక్కనే ఉన్న. ఏం అంటలేదు, అద్దం లెక్క ఉందంటివి. అందుకే చెల్లెకు ఫోన్ చేసిన. గాయన మంచిగనే చెప్పిండు. అబద్ధమాడింది నువ్వు.”