నర్సమ్మ వచ్చే ముందు నాలుగు రోజులు

ఈ పొద్దున పక్కింటివాళ్లు మామిడి తొక్కు కలుపుతున్నారు. ఆవపిండి, ఎల్లిపాయ, కాచి చల్లార్చిన నూనె వాసన గోడ దాటి మా వంటింట్లోకి రాగానే నోట్లో నీళ్లూరాయి, ఆ వెంటనే లేచి కిటికీ మూసేశాను. తొక్కు వాసనకు భయపడేదాన్ని లోకంలో నేనొక్కదాన్నేనేమో!

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఐదో తరగతి. కొత్తకోట దగ్గర మా ఊరు. ఎండాకాలమంతా అవ్వ జాడీలు ఎండబెట్టడం, దొడ్డుప్పు దంచడం, తొక్కు కలిపిన బేసిన్లో ఆఖరున వేడన్నం వేసి అందరి చేతుల్లో ముద్దలు పెట్టడం. వానలు పడి పల్లికాయ ఇంటికొస్తే కుండెడు ఉప్పునీళ్లలో ఉడకబెట్టి అరుగు మీద పోస్తే, పొట్టు గుట్టలు లేచేదాకా వాడకట్టు ముచ్చట్లన్నీ అక్కడే. అందరికంటే పెద్ద గుట్ట మా బాపుది. బాపు ఆటో నడిపేవాడు. అన్నంలో తొక్కు కాదు, తొక్కులో అన్నం కలుపుకుంటాడని అమ్మ ఎకసెక్కాలాడేది.

అలాంటి బాపుకు బీపీ ఉందని తేలింది. సర్కారు దవాఖాన నర్సమ్మ నెలకోసారి వచ్చి బడి వరండాలో కూర్చుని, అందరి చేతులకూ పట్టీ చుట్టి నంబరు పుస్తకంలో రాసి, నెలకు సరిపడా గోలీలు ఇచ్చేది. ఉప్పు తగ్గించు, పొద్దున్నే నడువు, గోలి రోజూ వేసుకో అని బాపుకు చెప్పింది. అమ్మ ఉప్పు డబ్బాను అటకెక్కించింది. బాపు ఆటో సీటు కింద తొక్కు డబ్బా దాచాడు.

"గోలి ఒక్కపారి మొదలువెడితె సచ్చేదాక ఇడువొద్దంట బిడ్డా. నేనేమన్న ముసలోణ్ణా?" అనేవాడు నాతో.

మరుసటి నెల నంబరు ఇంకా పెరిగింది. నర్సమ్మ అందరి ముందూ కోప్పడింది. తల వంచుకుని నడుస్తున్న బాపును చూసి నాకు ఏడుపొచ్చింది.

"బాపూ, నేను పరీక్షలకు ముందు నాలుగు దినాలే సదువుత. నువ్వు గూడ గట్లనే చెయ్యరాదు?" అన్నాను.

బాపు పగలబడి నవ్వాడు. కానీ అలాగే చేశాడు. నర్సమ్మ వచ్చే ముందు నాలుగు రోజులు ఉప్పు లేని పప్పు, చెరువు కట్ట మీద నడక, టంచనుగా గోలి. నంబరు దిగింది. నర్సమ్మ మెచ్చుకుంది, అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది, నేనే పాసైనంత గర్వపడ్డాను.

"అమ్మకు సెప్పకు బిడ్డా" అన్నాడు బాపు. మిగిలిన గోలీల షీట్లు నా కంపాస్ బాక్సులో దాచేదాన్ని. నెలలు గడిచాయి, బాక్సు మూత పడడం మానేసింది. ఒకరోజు నర్సమ్మ మా తరగతికొచ్చి, బీపీ నొప్పి లేకుండానే లోపల్లోపల మనిషిని పాడుచేస్తుందని చెప్పింది. ఆ రోజు నుంచీ ఆటో హారన్ కాస్త ఆలస్యమైతే వాడకట్టు చివరిదాకా పరుగెత్తేదాన్ని. చెబితే బాపుకు కోపం, చెప్పకపోతే ఏమవుతుందో!

సద్దుల బతుకమ్మ నాడు బాపు ఆటో నిండా గునుగు, తంగేడు తెచ్చి, వాకిట్లో కూర్చుని బతుకమ్మ పేరుస్తున్న అమ్మకు పూలు అందిస్తున్నాడు. చేతిలోంచి పువ్వు జారింది. తీశాడు, మళ్లీ జారింది. మూతి ఒక పక్కకు పోయింది. నన్ను నవ్వించడానికనుకుని నవ్వాను కూడా. నన్ను పిలవబోయాడు, నా పేరు నోటికి రాలేదు.

పక్కింటి మామ అదే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. గోలీలు రోజూ వేసుకుంటున్నాడా అని డాక్టరు అడిగాడు.

"ఒక్క దినం గూడ తప్పలే సారూ. నర్సమ్మ బుక్కుల సూడుండ్రి, నంబరు మంచిగనే ఉన్నది" అంది అమ్మ.

"ఏసుకుంటలేడు సారూ. నేనే దాసిపెట్టిన" అన్నాను. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

బాపు బతికాడు. కుడిచేతికి పూర్తి సత్తువ రాలేదు, ఆటో అమ్మేశాం. అవ్వ పోయింది, జాడీలు ఎవరెవరికో ఇచ్చేశాం, అరుగు రోడ్డు కింద పోయింది. ఇప్పుడు రోజూ బాపును నేనే నడిపిస్తాను, గోలి నేనే ఇస్తాను, మింగేదాకా ఎదురుగా నిలబడతాను, ఆదివారం ఆదివారం బీపీ చూస్తాను.

"ఎంతొచ్చె బిడ్డా?"

"మంచిగున్నది బాపూ."

బాపు నవ్వుతాడు. నంబరు ఎక్కువ వస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాను, అది తేలిక. మంచి నంబరు వచ్చిన రోజే నాకు భయం. నా ఎదురుగానే మింగాడని తెలిసినా, ఆ రోజు బాపు స్నానానికి వెళ్లగానే దిండు కింద, చొక్కా జేబుల్లో గోలీల కోసం వెతుకుతాను.