పక్కింటి అక్క సాక్ష్యం

మా పక్కింటి అక్క ఎవరి మీద ఫిర్యాదు చెప్పినా ముందు వాళ్ల మంచి చెప్పేది. కేతేపల్లి పంచాయితీల్లో పెద్దమనుషులు ఆ పద్ధతినే మెచ్చేవారు. 2018 మార్చిలో, మరిది అట్టిపెట్టుకున్న తన భర్త వాటా రెండెకరాల కోసం నల్లగొండ కోర్టులో బోనెక్కింది. తోడుగా నేను వెళ్లాను.

"నీ భర్త పోయినంక ఆ పొలం దున్నుతున్నది నీ మరిదే. నువ్వు ఒక్కనాడు అడ్డం పోలే. అవునా?" అన్నాడు మరిది తరఫు వకీలు.

"అవును సార్. ఆయన కష్టజీవి. కరువుల మాకు గింజలు గూడ పెట్టిండు. గని..."

"అవునన్నవ్, చాలమ్మా."

జడ్జిగారు అంతవరకే రాయించారు. మిగతాది అడిగి చెప్పించడానికి మా వకీలు లేవలేదు. ఆమె సాక్ష్యం ముగిసింది.

వరండాలో అక్క కొంగు సర్దుకుని, కూర్చోకుండా నిలబడింది.

"ఆయన మంచి చెప్పిన గదా చెల్లే, ఇగ నా బాధ ఎప్పుడడుగుతరు?"